ధర పెరిగే కారు.. గడువున్న వీసా

భూమి పెరుగుతుంది, బంగారం పెరుగుతుంది, కారు తరుగుతుంది. మన ఇళ్లలో తరతరాలుగా నడుస్తున్న లెక్క ఇది. కొత్త కారు షోరూం గేటు దాటగానే విలువ పడిపోతుందని తెలియని తెలుగువాడు ఉండడు. అందుకే మస్కట్‌లో మా అపార్ట్‌మెంటు కింద కవరు కప్పుకుని నిలబడి ఉన్న 2004 మోడల్ కారును, నేను కొన్న ధరకు రెట్టింపు పైన ఇచ్చి తీసుకుంటామని ఒకరు అడిగారని చెబితే తెనాలిలో మా అమ్మ నమ్మలేదు. ‘‘ఇరవయ్యేళ్ల బండికి అంత డబ్బు ఎవరిస్తార్రా? కాస్త చూసుకో’’ అంది.

ఇచ్చేవాళ్లున్నారు. అసలు ప్రశ్న అది కాదు. ఇప్పుడు అమ్మాలా, ఇంకా పెరుగుతుందని ఉంచుకోవాలా? మూడు నెలలుగా మా ఇంట్లో భోజనాల దగ్గర ఇదే చర్చ. మాలాంటి వాళ్లు చాలామందే ఉంటారు. నలభైల్లోకి వచ్చి, కాలేజీ రోజుల్లో గోడ మీద బొమ్మగా చూసిన కారును పాతదైనా సరే కొనుక్కున్న ఇంజినీర్లు గల్ఫ్‌లో ఉన్నారు, అమెరికాలో ఉన్నారు, బ్రిటన్‌లోనూ ఉన్నారు. అందుకే మేం వేసుకున్న లెక్కలు, వాటి నుంచి తీసుకున్న నిర్ణయం ఇక్కడ పంచుకుంటున్నాను.

ఏమిటీ కారు, ఎందుకు పెరిగింది?

మాది బీఎండబ్ల్యూ ఎం3. కారు ప్రియుల భాషలో ‘ఈ46’ తరం. 2000 నుంచి 2006 వరకు తయారైంది. అన్నీ కలిపి సుమారు 85 వేల కార్లు వచ్చాయి. 3.2 లీటర్ల ఇంజిన్, వరుసగా ఆరు సిలిండర్లు, టర్బో లేదు. యూరప్ లెక్కలో 343 హార్స్‌పవర్. ఇంజిన్ దాదాపు ఎనిమిది వేల ఆర్పీఎం దాకా తిరుగుతుంది. మా దానికి క్లచ్ ఉన్న ఆరు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్. ఇదే మోడల్‌లో క్లచ్ పెడల్ లేని ఎస్‌ఎంజీ గేర్‌బాక్స్ కార్లూ వచ్చాయి. మార్కెట్లో మాన్యువల్‌కే ఎక్కువ ధర.

పాత కారు ధర పెరగడానికి ప్రధానంగా మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, అలాంటిది మళ్లీ రాకపోవడం. 2007లో వచ్చిన తర్వాతి ఎం3కి ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ పెట్టారు. 2014 నుంచి టర్బోలు వచ్చాయి. టర్బో లేని ఆరు సిలిండర్ల ఎం3 మా తరంతోనే ఆగిపోయింది. రెండోది, సంఖ్య. ఇదే తరంలో 2003లో వచ్చిన సీఎస్‌ఎల్ అనే తేలికపాటి రకం 1,383 కార్లే తయారయ్యాయి. దాని ధర ఆకాశాన్ని అంటితే, మామూలు ఎం3 కూడా ఆ నీడన కొంత పైకి లేచింది.

మూడో కారణం మనుషులది. 2005లో ‘నీడ్ ఫర్ స్పీడ్: మోస్ట్ వాంటెడ్’ అనే కంప్యూటర్ గేమ్ వచ్చింది. అందులో అసలు హీరో వెండి, నీలం రంగుల ఎం3 జీటీఆర్, ఈ46 తరానిదే. నేను ఎం.టెక్ హాస్టల్లో ఉన్నప్పుడు రాత్రంతా ఆ గేమ్ ఆడినవాళ్లు ఇవాళ నలభైల్లో ఉన్నారు. చేతిలో జీతం ఉంది, మనసులో ఆ కారు ఉంది. ఒమన్‌లోనూ అంతే. నన్ను అడిగిన కుర్రాడు ఒమనీ. అతడి మొదటి మాట ఇంజిన్ గురించి కాదు, ఆ గేమ్ గురించి.

ఇది బీఎండబ్ల్యూ ఒక్కదాని కథే కాదు. నిస్సాన్ స్కైలైన్ జీటీఆర్ ఆర్34 ధర పెరగడానికి అమెరికా చట్టం తోడైంది. తయారై 25 ఏళ్లు నిండిన కారుకు అక్కడి భద్రతా ప్రమాణాల నుంచి దిగుమతి మినహాయింపు ఉంది. 1999లో వచ్చిన ఆ కారుకు 2024 నుంచి ఆ తలుపు తెరుచుకుంది. ‘ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్’ సినిమాలో వాడిన నారింజ రంగు టయోటా సుప్రా 2021లో అమెరికాలో జరిగిన వేలంలో 5.5 లక్షల డాలర్లు పలికింది. 2022లో ఒక 1955 నాటి మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ 13.5 కోట్ల యూరోలకు అమ్ముడై ప్రపంచ రికార్డు సృష్టించింది. ఇలాంటి వార్తలు చదివాక, కింద పార్కింగ్‌లో ఉన్న మన బండి కూడా లంకెబిందెలా కనిపించడం సహజం.

అందుకే కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాం.

కాగితం మీద లెక్క

ఈ కారును 2014 చివర్లో 5,000 రియాళ్లకు కొన్నాను. అప్పటికి 68 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇప్పుడు 1.04 లక్షలు. ఈ ఏడాది వచ్చిన గట్టి బేరం 10,500 రియాళ్లు. పైకి చూస్తే రెట్టింపు దాటింది. రూపాయల్లోకి మారిస్తే ఇంకా కళ్లు తిరుగుతాయి. అప్పట్లో రియాల్ 165 రూపాయల దరిదాపుల్లో ఉండేది, ఇప్పుడు 230 దరిదాపుల్లో ఉంది. అంటే ఎనిమిదిం పావు లక్షలు పెట్టిన కారు 24 లక్షలైంది. దాదాపు మూడు రెట్లు!

ఇక్కడే ఆగి ఆలోచించాలి. ఒమనీ రియాల్ విలువ 1986 నుంచి డాలరుకు ఒకే రేటుతో కట్టి ఉంది. ఒక రియాల్ అంటే దాదాపు 2.60 డాలర్లు. రూపాయల్లో కనిపించే పెరుగుదలలో కొంత భాగం రూపాయి తగ్గడం వల్ల వచ్చింది. అదే 5,000 రియాళ్లను బ్యాంకులో ఊరికే పడేసినా ఎనిమిదిం పావు లక్షల నుంచి పదకొండున్నర లక్షలు అయ్యేది. అందులో కారు ఘనత ఏమీ లేదు. విదేశాల్లో ఉండి రూపాయల్లో లాభం లెక్కపెట్టుకునే ప్రతి ఒక్కరూ ముందు ఈ పొరను తీసి పక్కన పెట్టాలి.

తర్వాత ఖర్చులు. నేను అన్ని బిల్లులూ ఒక ఫైల్లో దాచాను. ముల్కియా అంటే రిజిస్ట్రేషన్ కార్డు. దాని రెన్యువల్, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కలిపి 11 ఏళ్లకు 1,100 రియాళ్లు. ఏటా ఆయిల్ సర్వీసు 660. మూడు సెట్ల టైర్లు 750. బ్యాటరీలు 175. రేడియేటర్, నీళ్ల పంపు, పైపులు 400. ఏసీ 200. ఇంజిన్‌లో కనెక్టింగ్ రాడ్ బేరింగులు 450. వాల్వుల టైమింగ్‌ను మార్చే వానోస్ అనే భాగం రిపేరు 350. వెనక ఇరుసు భాగం బాడీకి బిగించే చోట రేకు పగలడం ఈ మోడల్‌కు పేరుమోసిన జబ్బు. దానికి ముందుజాగ్రత్తగా ప్లేట్లు వేసి వెల్డింగ్ చేయించడానికి 600. షాక్ అబ్జార్బర్లు, రబ్బరు బుష్‌లు 500. మొత్తం 5,185 రియాళ్లు. ఇందులో పెట్రోలు కలపలేదు. 2016 జనవరిలో ఇక్కడ ఇంధన సబ్సిడీ ఎత్తేశాక పెట్రోలు కూడా చిన్న ఖర్చేమీ కాదు.

కొన్నది 5,000. పెట్టింది 5,185. వచ్చేది 10,500. మిగిలేది 315 రియాళ్లు. పదకొండేళ్లకు! ఏడాదికి 29 రియాళ్లు కూడా లేదు.

ఈ అంకె చూసి మా ఆవిడ నవ్వి, తన లెక్క బయట పెట్టింది. 2014 చివర్లో బంగారం ఔన్సు సుమారు 1,200 డాలర్లు. 2025 అక్టోబరులో 4,000 డాలర్లు దాటింది. అదే 5,000 రియాళ్లకు రూవీలో బంగారం బిస్కెట్లు కొని బీరువాలో పెట్టి ఉంటే 16 వేల రియాళ్ల పైచిలుకు అయ్యేది. ఆయిల్ మార్చక్కర్లేదు, టైర్లు అక్కర్లేదు, ముల్కియా అక్కర్లేదు.

లెక్కకు ఇంకో వైపు కూడా చూడాలి. అదే సంవత్సరం 6,800 రియాళ్లకు కొత్తగా కొన్న మా టయోటాకు ఇప్పుడు 2,000 వస్తే గొప్ప. అది నిష్ఠగా పని చేసి 4,800 రియాళ్లు తినేసింది. దాన్ని మేమెవరం తప్పు పట్టలేదు. వాహనమంటే ఖర్చే కదా! ఎం3 మాత్రం 36 వేల కిలోమీటర్లు తిప్పి, పెట్టిన డబ్బంతా తిరిగి చేతిలో పెడుతోంది. అంటే పెట్టుబడిగా చూస్తే ఇది బంగారం ముందు నిలవదు, సరదాగా చూస్తే ఖర్చు లేని సరదా. ఏ కళ్లద్దం పెట్టుకుని చూస్తున్నామో ముందు తేల్చుకోవాలి.

ఎండ, వరద, ఇన్సూరెన్స్

చల్లని దేశాల్లో పాత కార్లకు తుప్పు శత్రువు. మనకు ఎండ. 2018 జూన్‌లో మస్కట్‌కు దగ్గర్లోని ఖురయ్యాత్‌లో 24 గంటల కనిష్ఠ ఉష్ణోగ్రతే 42.6 డిగ్రీలు నమోదైంది. ప్రపంచంలోనే అది రికార్డు. ఆ వేడిలో రబ్బరు పగులుతుంది, ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, డ్యాష్‌బోర్డు బిగుసుకుపోతుంది. బండి తిరిగినా, తిరగకపోయినా ఇది ఆగదు. కవరు కప్పి కదపకుండా ఉంచితే విలువ పెరుగుతుందనుకోవడం కుదరదు. కదలని బండికి సీళ్లు ఎండిపోతాయి, బ్యాటరీ చచ్చిపోతుంది, టైరు ఒకే చోట అణిగిపోతుంది. టైరు అంచున నాలుగంకెల ముద్ర ఉంటుంది. మొదటి రెండు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. అరగకపోయినా ఐదేళ్లు దాటితే ఈ ఎండలో దాన్ని నమ్మను.

రెండోది నీళ్లు. ఎడారి దేశంలో వరద ఏమిటని మన ఊళ్లో అడుగుతారు. 2007 జూన్‌లో గోను తుపాను మస్కట్‌ను ముంచేసింది. వాదీలు, అంటే ఎండిన వాగులు, ఒక్కసారిగా పొంగి కార్లను కొట్టుకుపోయాయి. అప్పటికే ఇక్కడున్న పాత కారు కొనేవాడు ఇప్పటికీ అడిగే ప్రశ్న: ‘‘గోనులో ఇది ఎక్కడుంది?’’ మా కారు మొదటి యజమాని దాన్ని అప్పట్లో నిజ్వాలో ఉంచారు. అక్కడి సర్వీసు బిల్లులు నా ఫైల్లో ఉన్నాయి. 2021 అక్టోబరు 3న షాహీన్ తుపాను బాతినా తీరాన్ని తాకిన రోజు నేను ముందే ఈ కారును ఒక బహుళ అంతస్తుల పార్కింగ్‌లో మూడో అంతస్తుకు ఎక్కించాను. ఆ పార్కింగ్ చీటీ కూడా ఫైల్లోనే ఉంది. పాత కారు ధరలో సగం ఇనుముది, సగం కాగితానిది. గల్ఫ్ కోసం తయారైన బండా, అమెరికాలో దెబ్బతిని వేలంలో వచ్చిన బండా అన్నది తేల్చేది ఆ కాగితాలే.

మూడోది ఇన్సూరెన్స్. వయసు మీరిన కారుకు ఫుల్ ఇన్సూరెన్స్ ఇచ్చే కంపెనీ దొరకడం కష్టం. ఇచ్చినా మార్కెట్ ధరకు ఇవ్వరు, తరుగుదల లెక్క కట్టి ఇస్తారు. అమెరికా, బ్రిటన్‌లలో క్లాసిక్ కార్లకు ‘ఒప్పుకున్న విలువ’ పాలసీలు ఉన్నాయి. కారు పోతే ఇంత అని ముందే రాసుకుంటారు. మీరు అక్కడుంటే అలాంటి పాలసీ లేకుండా విలువైన పాత కారు నడపొద్దు. మాది థర్డ్ పార్టీ మాత్రమే. రౌండబౌట్‌లో నేను తప్పు చేసి ఎవరికైనా తగిలితే, 10,500 రియాళ్ల కారు ఆ క్షణంలోనే రేకుల కుప్ప. బంగారం బీరువాలో ఉంటుంది, భూమి ఉన్నచోటే ఉంటుంది. ఇది మాత్రం 120 కిలోమీటర్ల వేగంతో రోడ్డు మీద పోయే ఆస్తి.

ఇంటికి తీసుకెళ్లలేని ఆస్తి

‘‘అంత ఇష్టమైతే ఇండియాకు తెచ్చుకోవచ్చు కదా బావా?’’ అని మా బావమరిది అడిగాడు. కుదరదు. ఒమన్‌లో కుడివైపు నడుపుతారు, స్టీరింగ్ ఎడమవైపు. ఇండియాకు తెచ్చే వాడిన కారుకు స్టీరింగ్ కుడివైపు ఉండాలి, వయసు మూడేళ్లు మించకూడదు. వీటిలో ఏ ఒక్కటీ మా కారుకు లేదు. సుంకం సంగతి దాకా వెళ్లనే అక్కర్లేదు.

అంటే ఈ కారు విలువ ఇక్కడే ఉంది. మనం మాత్రం ఇక్కడ ఎప్పటికీ ఉండేవాళ్లం కాదు. గల్ఫ్‌లో మన ఉనికి బతాకా మీద, అంటే రెసిడెంట్ కార్డు మీద ఆధారపడుతుంది. బతాకా ఉద్యోగం మీద ఆధారపడుతుంది. ఒమనైజేషన్‌లో భాగంగా కొత్త కొత్త ఉద్యోగాలు స్థానికుల కోసం కేటాయిస్తున్నారు. వాళ్ల దేశం, వాళ్ల పిల్లలు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మనం మాత్రం దాన్ని లెక్కలో వేసుకోవాలి. మా కంపెనీ నా వీసాను రెండేళ్లకోసారి పొడిగిస్తుంది. తర్వాతి గడువు 2027 మార్చి.

కాకినాడకు చెందిన ఒక మిత్రుడు ఉండేవారు, అందరం అన్నయ్య అని పిలిచేవాళ్లం. ఆయన దగ్గర ఒక మంచి స్పోర్ట్స్ కారు ఉండేది. ధర ఏటా పెరుగుతోందని మురిసిపోయేవారు. ఒకరోజు ఉద్యోగం ఆగిపోయింది. చేతిలో నెల రోజుల నోటీసు. ఇల్లు ఖాళీ చేయాలి, పిల్లల టీసీలు తీసుకోవాలి, సామాను పంపాలి, ట్రాఫిక్ జరిమానాలు కట్టాలి, కారు పేరు మార్చాలి. సరైన బేరగాడు రావడానికి మూడు నాలుగు నెలలు పట్టే కారది. చివరి వారంలో వచ్చిన వ్యాపారి ఆయన ముఖం చూశాడు, టికెట్ తేదీ అడిగాడు, సగం ధర చెప్పాడు. అన్నయ్య సంతకం పెట్టేశారు.

2020లో ఇది ఇంకా పెద్ద ఎత్తున చూశాం. మే నెలలో వందే భారత్ విమానాలు మొదలయ్యాక, మన వాట్సాప్ గ్రూపుల నిండా కార్ల ఫొటోలే. ‘అర్జెంట్’ అనే మాట పక్కన ఉన్న ప్రతి ధరా తగ్గడానికి సిద్ధంగా ఉన్న ధరే. ఆ తర్వాతి రెండేళ్లలో ప్రపంచమంతా పాత కార్ల ధరలు ఎగిశాయి. వెళ్లిపోయినవాళ్లకు ఆ పెరుగుదలతో సంబంధం లేకుండా పోయింది.

మా చర్చను మలుపు తిప్పింది ఇదే. లాభనష్టాల కాగితం పక్కన పెట్టి మా ఆవిడ ఒకే ప్రశ్న వేసింది. ‘‘ఏమండీ, రేపు వీసా ఆగిపోతే దీన్ని ఎన్ని రోజుల్లో అమ్మగలరు? ఆ రోజుల్లో ఎంతకు అమ్మగలరు?’’ నా దగ్గర ఉన్న నిజాయితీ గల జవాబు: నెలలో అమ్మాలంటే ఆరున్నర, ఏడు వేల రియాళ్లు. నాలుగైదు నెలలు ఆగగలిగితే పది వేలు పైన. అంటే ఈ కారు విలువలో 3,500 రియాళ్లు ఇంజిన్‌లో లేవు, రంగులో లేవు. అవి నా తీరికలో ఉన్నాయి. తీరిక పోయిన రోజు ఆ డబ్బూ పోతుంది.

పన్ను సంగతి

వేరే దేశాల్లో ఉన్నవాళ్లు అమ్మే ముందు పన్ను కూడా చూసుకోవాలి. బ్రిటన్‌లో వ్యక్తిగత కారు అమ్మితే వచ్చిన లాభంపై క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. అమెరికాలో అలా కాదు. సొంత కారు లాభానికి అమ్మితే ఆ లాభంపై పన్ను పడుతుంది, నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని చూపించుకునే వీలు లేదు. అందుకే అక్కడ కొన్న రసీదు, విలువ పెంచిన పెద్ద పనుల బిల్లులు జాగ్రత్త చేయాలి. ఇండియాలో సొంత వాడకానికి ఉన్న కారు క్యాపిటల్ అసెట్ కిందకు రాదు, బంగారు నగలు వస్తాయి. ఒమన్‌లో వ్యక్తిగత ఆదాయపు పన్ను ఇప్పటివరకు లేదు. 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2028 జనవరి నుంచి ఏడాదికి 42 వేల రియాళ్లు దాటిన ఆదాయంపై 5 శాతం పన్ను మొదలవుతుంది.

లెక్కకు అందనివి

ఉంచుకోవాలనే పక్షాన మా ఇంట్లో ఒకే ఓటు. మా అమ్మాయిది. ఇండియన్ స్కూల్లో పన్నెండో తరగతి చదువుతోంది. ఆరేళ్ల వయసు నుంచి శుక్రవారం తెల్లవారుజామున నాతో పాటు ఈ కారెక్కింది. ఎండ ముదరకముందే అమెరాత్ మీదుగా ఖురయ్యాత్ దాకా వెళ్లి, సముద్రం పక్కన చాయ్ తాగి, తొమ్మిదింటికల్లా ఇంటికి. ఎప్పుడైనా సూర్ వైపు ఇంకొంచెం దూరం. జెబెల్ అఖ్దర్ మాత్రం ఎక్కలేదు. బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసు చెక్‌పోస్టు దాటాలంటే ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉండాలి. ఆ ప్రయాణాల్లోనే దానికి గేరు మారే శబ్దాన్ని బట్టి వేగం చెప్పడం వచ్చింది. వాదీ కబీర్ సనాయాలో మా మలయాళీ మెకానిక్ దానికి డిప్‌స్టిక్‌తో ఆయిల్ చూడడం నేర్పాడు. ‘‘నాన్నా, నాకు పద్దెనిమిది నిండి లైసెన్సు వచ్చేదాకా ఉంచు’’ అంది.

ఆ మాటను తేలిగ్గా తీసిపారేయలేదు. కానీ వచ్చే జూన్‌లో అదే అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి. ఆ నెలలో మా అత్యవసర నిధి బాగా తగ్గుతుంది. ఆ నిధిలో మూడో వంతుకు సమానమైన డబ్బు కింద పార్కింగ్‌లో ఉంది. సొంత దేశంలో, సొంత ఇంట్లో, షెడ్డులో కారు పెట్టుకున్న మనిషి పదేళ్లు ఎదురుచూడొచ్చు. ఉద్యోగం పోతే ఇల్లు పోదు, గడువు మొదలవదు. గల్ఫ్‌లో ఉద్యోగం, ఇల్లు, బండి అన్నీ ఒకే రోజు గడువులోకి వస్తాయి. మనకు డబ్బు అత్యవసరమైన రోజే మనకు బేరమాడే బలం లేని రోజు కూడా అవుతుంది.

మా నిర్ణయం

అమ్ముతున్నాం. అయితే ఈ వారమే కాదు, మొదట వచ్చిన బేరానికే కాదు. చలికాలం గల్ఫ్‌లో స్పోర్ట్స్ కార్ల కాలం. నవంబరు నుంచి మార్చి దాకా నడపడానికి వాతావరణం బాగుంటుంది, కొనేవాళ్లూ ఉంటారు. అందుకే ఇప్పుడే ప్రకటన పెట్టాం. ఎంతకు తగ్గితే ఇవ్వకూడదో ఇద్దరం కలిసి ఒక అంకె రాసి ఫైల్లో పెట్టుకున్నాం. ఫోన్లో బేరం లేదు. కొనేవాళ్లు తమ మెకానిక్‌ను తెచ్చుకుని చూపించుకోవచ్చు, కావాలంటే ఏజెన్సీలో పరీక్ష చేయించుకోవచ్చు. డబ్బు బ్యాంకులో పడ్డాక, రాయల్ ఒమన్ పోలీస్ రికార్డుల్లో ముల్కియా పేరు మారాకే తాళం చేతులు మారుతుంది. ‘పేరు తర్వాత మార్చుకుంటా’ అనే మాటకు ఎంత ధరకైనా ఒప్పుకోం. అవతలివాడు కొట్టే ప్రతి ఓవర్‌స్పీడ్ జరిమానా మన బతాకాకు చుట్టుకుంటుంది.

మార్చిలోగా మా అంకె రాకపోతే ఇంకో వేసవి ఉంచుకుంటాం, వచ్చే చలికాలంలో మళ్లీ ప్రయత్నిస్తాం. అప్పటికి వీసా గడువు నాలుగైదు నెలల దూరంలో ఉంటుంది. అదే ఆఖరి అవకాశం. ఆ తర్వాత ఆగేది లేదని అమ్మాయికి కూడా చెప్పాం. ఈలోపు ప్రతి శుక్రవారం కారు బయటకు వస్తుంది. అమ్మకానికి పెట్టాం కదా అని కిలోమీటర్లు దాచుకోవడం లేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి కారు ఉంటే, ధర ఇంకా ఎంత పెరుగుతుందని ఎవరినీ అడగకండి. అది చెప్పగలవాళ్లు లేరు. మీరే జవాబు చెప్పగల ప్రశ్నలు నాలుగున్నాయి. ఖర్చులన్నీ తీసేశాక నిజంగా ఎంత మిగిలింది? రూపాయి తగ్గడం వల్ల కనిపిస్తున్న లాభం ఎంత? నెలలో అమ్మాల్సి వస్తే ఎంత వస్తుంది? ఆ డబ్బు లేకుండా మీ ఇల్లు ఏడాది గడుస్తుందా? ఆఖరి ప్రశ్నకు జవాబు అవును అయితే హాయిగా ఉంచుకుని నడపండి. పెట్టుబడి అనే పేరు మాత్రం పెట్టకండి. కాదు అయితే, మీకు తీరిక ఉన్నప్పుడే అమ్మండి.

మేం అమ్మిన మర్నాడు దీని ధర ఇంకో వెయ్యి పెరగొచ్చు. కొన్న కుర్రాడికి అది కలిసి రావాలనే కోరుకుంటాం. అతడికి ఇది సొంత దేశం. ఎదురుచూసే తీరిక అతడికి ఉంది.